ఓపిక అనే చిన్నచూపు

పోయిన నెల తిరుపతిలో ఒక సన్మాన సభకు వెళ్లాను. సన్మానం నాకు పదేళ్లుగా తెలిసిన కొయ్య శిల్పికి. అంగుళం, రెండంగుళాల ఎత్తు బొమ్మలు చెక్కుతారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి ఇక్కడ ఆచారిగారనే అంటాను. వేదిక మీద అయిదుగురు మాట్లాడారు. రెండో వక్త ప్రసంగం సగంలో ఉండగా నాలోని పాత బ్యాంకు గుమాస్తా నిద్రలేచాడు. ‘ఓపిక’ అన్న మాట వచ్చినప్పుడల్లా ఆహ్వానపత్రిక వెనక ఒక గీత పెట్టడం మొదలుపెట్టాను. సభ ముగిసేసరికి పద్నాలుగు గీతలు తేలాయి. ‘పిట్ట కొంచెం, కూత ఘనం’ మూడుసార్లు. ఆయన చెక్కిన బొమ్మ ఒక్కటి చేతిలోకి తీసుకుని, ఇందులో ఇది బాగుంది, ఇదెందుకో కుదరలేదు అన్నవారు ఒక్కరూ లేరు. చివర్లో ఫొటో కోసం ఆయనకు ఒక భూతద్దం ఇచ్చారు. అది నిర్వాహకులు వెంట తెచ్చుకున్నది. ఆయన భూతద్దం పట్టుకుని పనిచేయగా నేనెప్పుడూ చూడలేదు. ఒక చేతిలో బొమ్మ, ఇంకో చేతిలో ఉలి ఉన్న మనిషి భూతద్దాన్ని ఏ చేత్తో పట్టుకుంటాడు?

ఆ రాత్రి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. చిన్న బొమ్మలు చెక్కేవాళ్లను ఓపిక పేరుతో మెచ్చుకోవడం అసలు మెచ్చుకోలే కాదనిపిస్తోంది. పనిని చూడకుండా తప్పించుకోవడానికి మనం కనిపెట్టిన మర్యాదైన దారి అది.

కోపిష్టి మనిషి

మొదటిసారి కలిసినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో రెండు గదుల ఇల్లు. వరండాలో తూర్పు కిటికీ కింద పీట, పక్కన సానరాయి, ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉలులు. వాటిలో సగం ఆయన సొంతంగా చేసుకున్నవే. గొడుగు కమ్మి, సైకిలు చువ్వ, కుట్టుమిషను సూది, ఏది దొరికితే అది కాల్చి, సాగగొట్టి, పదును పెట్టుకున్నారు. అరచేతిలో గరుడ వాహనం ఉంది, బొటనవేలి కంటే కొంచెం పొడవు. “ఎంత ఓపికండీ మీకు!” అన్నాను.

“ఓపిక మా ఇంట్లో ఆవిడకి సార్. నాకున్నదంతా కోపమే” అన్నారు.

చమత్కారానికి అన్నారనుకున్నాను. నాలుగైదు సార్లు వెళ్లి కూర్చున్నాక తెలిసింది, అక్షరాలా నిజం. పీట పక్కన ఒక వెదురుబుట్ట ఉంటుంది. నచ్చనిది అందులో పడుతుంది. మూడు వంతులు పూర్తయిన హంస వాహనం మెడ వంపు నచ్చక బుట్టలోకి విసిరేయడం నా కళ్లతో చూశాను. ‘అయ్యో, సరిచేయవచ్చు కదా’ అంటే, సరిచేసిన మెడ సరిచేసినట్టే కనిపిస్తుందన్నారు. ముఖం చెక్కేటప్పుడు చూడాలి. గుక్కతిప్పుకోకుండా ఎనిమిదో తొమ్మిదో గాట్లు. అంతే, పక్కన పెట్టేస్తారు. “నాన్చితే ముఖం ముసలిదైపోతుంది సార్” అన్నది ఆయన మాట.

మరి నెలకు మూడు నాలుగు బొమ్మలే ఎందుకవుతాయి? చెక్కే ముందు పోయే కాలమే ఎక్కువ. చెక్క ముక్కను చొక్కా జేబులో వేసుకుని తిరుగుతారు. తడిపి చూస్తారు, ఎండకు పట్టి చూస్తారు. నార ఎటు పోతోంది, ఎక్కడ మెలి తిరిగింది, చేవ ఎక్కడ ఆగి పైచెక్క ఎక్కడ మొదలైంది. హనుమంతుడనుకుని తీసుకున్న ముక్క వారం తర్వాత ఏనుగై బయటికి వస్తుంది. ఈ వారాన్ని మనం ఓపిక ఖాతాలో జమ చేస్తున్నాం. నా దృష్టిలో అది ఆలోచన. చదరంగం ఆడేవాడు ఎత్తు వేయడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటే ఎవరూ ఆయన ఓపికను పొగడరు.

సంగీత కచేరీ విని బయటికి వస్తూ ‘ఎంత ఓపిక!’ అంటామా? గాయకుడు ఎన్నేళ్లు తెల్లవారుజామున లేచి సాధకం చేశాడో మనకు తెలుసు. అయినా రాగం గురించే మాట్లాడుకుంటాం. ఓపిక అన్న మాట ఎవరికి వాడుతున్నామో ఒకసారి చూసుకోండి. వాకిలి నిండా మెలికల ముగ్గు వేసిన ఆడవాళ్లకు. జరీ పని చేసేవాళ్లకు. శ్రీకాళహస్తిలో కలం పట్టి గుడ్డ మీద గీతలు గీసేవాళ్లకు. అంటే చేసింది కళ అని ఒప్పుకోవడానికి మనసు రాని చోట, ఒప్పుకోలేదని తెలియకుండా ఉండటానికి.

మా స్నేహితుడొకాయన, తెలుగు మాష్టారు, దీనికి అడ్డం తిరిగారు. తెలుగులో ఓపిక అంటే సహనం ఒక్కటే కాదు, శక్తి కూడా. ‘నాకు ఓపిక లేదు నాయనా’ అని ముసలమ్మ అంటే సహనం లేదని కాదుగదా, ఒంట్లో సత్తువ లేదని. ఆ అర్థంలో తీసుకుంటే అది గొప్ప మాటే అన్నారు. సరే, నిఘంటువు ప్రకారం ఆయనే గెలిచారు. కానీ వేదిక మీద పద్నాలుగుసార్లు వాడినవాళ్ల మనసులో ఉన్నది ఆ అర్థం కాదు.

మూడు మిల్లీమీటర్ల ముఖం

చిన్న బొమ్మలో అసలు కష్టం ఎక్కడుందో నాకు అర్థమైంది ఒక లెక్క వేసుకున్న రోజున. శిల్పశాస్త్రంలో విష్ణుమూర్తికి ఉత్తమ దశతాలం అనే కొలతల పద్ధతి చెబుతారు. విగ్రహం మొత్తం ఎత్తును 124 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక దేహాంగుళం. ఇది స్కేలు మీద అంగుళం కాదు, ఆ విగ్రహానికి మాత్రమే చెందిన అంగుళం. బొమ్మ పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇరవై అడుగుల విగ్రహానికీ బొటనవేలంత విగ్రహానికీ ఒకే సూత్రం నడుస్తుంది. ఎంత బాగుందో అనుకున్నాను.

అప్పుడు కాగితం తీసుకుని స్కేలు అంగుళం ఎత్తు వేంకటేశ్వరస్వామికి లెక్క కట్టాను. 25.4 మిల్లీమీటర్లను 124తో భాగిస్తే ఒక దేహాంగుళం 0.2 మిల్లీమీటరు. పదమూడున్నర దేహాంగుళాల ముఖానికి దక్కేది మూడు మిల్లీమీటర్లలోపే. కన్ను రెండు దేహాంగుళాలనుకున్నా అర మిల్లీమీటరు రాదు. అందులో రెప్ప, కనుగుడ్డు, కనుబొమ. ఇక్కడ శాస్త్రం చేతులెత్తేస్తుంది. కొలతలన్నీ ఉన్నాయి, ఉలి మొన పట్టేంత చోటు లేదు. అప్పుడు ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి? ఈ ప్రశ్నకు ఏ శ్లోకమూ జవాబు చెప్పదు.

ఈ లెక్క చూపిస్తే ఆచారిగారు నవ్వారు. “మా స్వామి దయగలవాడు సార్. కళ్లకు నామం అడ్డం పెట్టి మా పని తేలిక చేశాడు” అన్నారు. నిజమే, తిరుమల మూలమూర్తిని తలచుకుంటే మనకు మొదట గుర్తొచ్చేది వెడల్పాటి తెల్లని నామం. కళ్లు సగం దాని చాటునే. చిన్న బొమ్మలో ఆయన నామాన్ని కొలత కంటే కాస్త ఎక్కువే ఉంచుతారు. కళ్లు చెక్కరు. అయినా చూసినవాళ్లందరూ ‘కళ్లు ఎంత శాంతంగా ఉన్నాయో’ అంటారు. నేనూ అన్నాను.

దానికి బదులు ఆయన ప్రాణం పెట్టేది ఎడమ చేయి మీద. నడుము దగ్గర ఆనించిన ఆ చేతికీ మొండేనికీ మధ్య వెలుతురు కనిపించే చిన్న సందు ఉండాలి. ఆ సందు మూసుకుపోతే బొమ్మ చెక్కమొద్దులా కనిపిస్తుందట. ఆవగింజ పట్టనంత సందు అది. కిటికీకి ఎదురుగా పట్టి, ఒక కన్ను మూసి, అందులోంచి ఆకాశం కనిపిస్తోందో లేదో చూస్తారు. కనిపిస్తే పీట మీంచి లేస్తారు, కాఫీకి.

మరకు ఉన్నంత ఓపిక

ఆచారిగారి మేనల్లుడికి రేణిగుంట రోడ్డులో సీఎన్‌సీ మర, అంటే కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం, ఉంది. తలుపు చెక్కల మీద దశావతారాలు, పూజగదికి లక్ష్మీదేవి, ఇంటి నంబరు పలకలు. నేను వెళ్లిన రోజు మర రాత్రి నుంచి ఆగకుండా తిరుగుతోంది. చెక్క మీద అటూ ఇటూ, వెంట్రుకంత పక్కకు జరిగి మళ్లీ అటూ ఇటూ. టీ అడగదు, విసుక్కోదు, బుట్టలోకి విసిరేయదు. ఓపికకు సన్మానం చేయాలంటే శాలువా దానికే కప్పాలి.

నా వాదానికి ఇదే బలం అనుకుని ఉత్సాహంగా ఒక కోరిక కోరాను. మూడడుగుల పద్మావతి అమ్మవారి బొమ్మనే రెండంగుళాలకు తగ్గించి తీయగలరా అని. కంప్యూటర్‌లో కొలత మార్చి ఒక రోజులో చేసి ఇచ్చాడు. అన్నీ ఉన్నాయి. హారాలు అన్నీ, కిరీటంలో రాళ్లు అన్నీ, పీఠం మీద తామర రేకులన్నీ. కానీ నాలుగు రోజులు వాడిన సబ్బుబిళ్లలా ఉంది. పెద్ద బొమ్మలో ఉన్నదంతా వదలకుండా తెచ్చి కుక్కితే, చిన్న బొమ్మలో దేనికీ చోటు మిగల్లేదు. అమ్మవారి ముఖానికీ పీఠం అంచుకూ ఒకటే శ్రద్ధ. ఆచారిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇందులో ఎవరూ ఏదీ కాదనుకోలేదు” అన్నారు.

నేను విజయగర్వంతో ఉన్నాను. మేనల్లుడు నీరు చల్లాడు. “మామా, దేవుడి బొమ్మ కొనుక్కునేవాడు దేవుణ్ని చూసుకుంటాడు గానీ చెక్కినవాణ్ని చూస్తాడా? నీది ఆరువేలు, నాది మూడువందలు. దండం ఇద్దరికీ ఒకటే పెడతాడు” అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కొండ దిగి వచ్చే యాత్రికుడికి రైలు ఎక్కేలోపు పది ఇళ్లకు పది బొమ్మలు కావాలి. మూడువందల బొమ్మ అతనికి మోసం కాదు. ఆ మర మీద ఇద్దరు కుర్రాళ్లు బతుకుతున్నారు కూడా. నా గొడవ మరతో కాదు. చేతిపనిలో మర చేయగలిగిన భాగాన్నే ఏరి పొగుడుతున్నామే, దానితో.

చెక్క చిన్నదైంది

ఇంతకీ చిన్నవే ఎందుకు? ఆచారిగారి తండ్రి శ్రీకాళహస్తి దారిలో ఏర్పేడు దగ్గరి మాధవమాలలో పనిచేసిన మనిషి. అక్కడ కొయ్య చెక్కేవాళ్ల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తండ్రి చెక్కినవి నిలువెత్తు ద్వారపాలకులు, రథానికి గుర్రాలు. కొడుకు చేతికి వచ్చేసరికి అంగుళాలయ్యాయి. కళ సూక్ష్మమైందని నేను సిద్ధాంతం చేయబోతే ఆయన అడ్డుకున్నారు: “చెక్క చిన్నదైంది సార్, బొమ్మ చిన్నదైంది.”

ఆయనకు ఇష్టమైనది ఎర్రచందనం. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, ఉలి మొన నిలిచేంత బిగువు. పని అయ్యాక అరచేతులు గోరింట పెట్టుకున్నట్టు ఉంటాయి. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైట్స్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణ ఉంది. 2015 ఏప్రిల్‌లో ఇదే కొండల్లో ఇరవైమంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అలాంటి చెక్క బొటనవేలంత ముక్క ఇంట్లో ఉన్నా దానికి కాగితం ఉండాలి. కాబట్టి ఆయన అధికారికంగా కొన్న కాస్త చెక్కలో పొట్టు కూడా వృథా చేయరు. పెద్ద బొమ్మ చేయగా మిగిలిన తుంటల్లోంచి చిన్నవి, చిన్నవాటి తునకల్లోంచి ఇంకా చిన్నవి. మనం అద్భుతం అంటున్నది చాలావరకు పొదుపు.

అయితే పొదుపులోంచి కూడా రూపం పుడుతుంది. జపానులో నెట్సుకే అనే చిన్న శిల్పాలు పుట్టింది కిమోనోకు జేబులు లేకపోవడం వల్ల. నడికట్టులోంచి వేలాడే సంచి జారిపోకుండా తాడు చివర కట్టుకునే గుండీ లాంటిది అది. పొడుచుకు వచ్చే కొమ్ములు, కాళ్లు ఉంటే బట్టకు తగులుకుంటాయి. అందుకే వాటిలో జంతువులు ముడుచుకుని పడుకుని ఉంటాయి, చేతిలో గులకరాయిలా ఇముడుతాయి. ఇంకొకటి, 16వ శతాబ్దం తొలినాళ్లలో నెదర్లాండ్స్‌లో బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కతో చేసిన జపమాల గుండ్లు. అక్రోటు కాయంత గుండు తెరిస్తే లోపల గుంపులు గుంపులుగా మనుషులు, గుర్రాలు, ఈటెలు. కొన్నేళ్ల కిందట టొరొంటో, న్యూయార్క్, ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలు కలిసి వాటిని సీటీ స్కాన్‌లో చూస్తే, లోపలి దృశ్యాన్ని పొరలు పొరలుగా విడివిడిగా చెక్కి ఒకదాని వెనక ఒకటి అమర్చారని బయటపడింది. ఇన్ని వందల ఏళ్లూ జనం వాటిని చూసి కూడా ‘ఎంత ఓపిక’ అనే అని ఉంటారు. పొరలుగా విడగొడితే సాధ్యమవుతుందని తట్టిన బుర్ర సంగతి స్కాన్ చేసేదాకా బయటపడలేదు.

మన ఇళ్లలోని మరపాచి బొమ్మలే తీసుకోండి. కొలువులో పై మెట్టు మీద పట్టుబట్టలు కట్టి నిలబెట్టే ఎర్రచందనం జంట. మా అవ్వ దగ్గర ఒక జత ఉండేది. వేళ్లు లేవు, చెవులు ఉన్నాయో లేదో చెప్పలేం. పది పదిహేను గాట్లకు మించి పడలేదు ఆ బొమ్మకు. పిల్లలకు ఎక్కడైనా వాపు వస్తే అవ్వ పెళ్లికూతురు బొమ్మ వీపును నీళ్లతో సానమీద అరగదీసి పట్టు వేసేది. నా చిన్నతనానికే ఆ వీపు చదునైపోయింది. అయినా కొలువులో ఆ ఇద్దరినీ చూస్తే వాళ్లిద్దరి మధ్య ఏదో మాట నడుస్తున్నట్టే ఉండేది. వదిలేయడం మనవాళ్లకు కొత్త విద్య కాదు.

ఈ మధ్య వచ్చిన జబ్బు రికార్డులు. బియ్యపుగింజ మీద, పెన్సిల్ మొన మీద, అగ్గిపుల్ల తల మీద. ఆచారిగారూ ఒకసారి మిరియపుగింజంత శివలింగం చేసి, రుసుము కట్టి, చట్రం కట్టిన పత్రం తెచ్చుకున్నారు. దాని వెనక ఇప్పుడు బల్లి కాపురం ఉంటోంది. “చిన్నదానికన్నా చిన్నది చేయమంటారు సార్. చివరికి ఎవడో ఖాళీ పెట్టె చూపించి ఇదే అన్నిటికన్నా చిన్నది అంటాడు” అన్నారు. అలాగని ఆయన ఆ పత్రాన్ని దించలేదు. సన్మానం వచ్చింది దాని వల్లే.

చక్రం పోయిన స్వామి

రెండేళ్ల కిందటి సంగతి. ఒక ఇంట్లో పెళ్లికని రెండంగుళాల వేంకటేశ్వరస్వామికి బయానా ఇచ్చారు. ఎర్రచందనం. నార నిలువునా పోతుంది కాబట్టి ఒళ్లంతా గట్టిగానే ఉంటుంది, పైకెత్తిన చేతుల్లో వేళ్ల దగ్గర మాత్రం అడ్డం పడుతుంది. శంఖచక్రాలు నిలిచేది ఆ రెండు వేళ్ల మీదే. ఆఖరి రోజున మెరుగు పెడుతుండగా చక్రం విరిగి ఎగిరిపోయింది. ఇంటిల్లిపాదీ వెతికాం. ఫ్యాను ఆపి, టార్చి వేసి, చీపురుతో కాకుండా తడిగుడ్డతో నేల అద్దుతూ. గంట తర్వాత అది మనవరాలి పాదానికి అంటుకుని వంటింట్లో దొరికింది, కందిపప్పు బద్దలో సగం.

జిగురు పెట్టి అతికిస్తారేమో అనుకున్నాను. ఆయన చాలాసేపు బొమ్మను చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఉలి తీసుకుని రెండో చేతిలోని శంఖాన్ని కూడా తీసేశారు! వేళ్లను మాత్రం అలాగే ఉంచి, ఏదో ఇచ్చేసిన చేతుల్లా కొసలు నునుపు చేశారు. నాకు నోట మాట రాలేదు. “తొండమాన్ చక్రవర్తికి ఇచ్చాడనుకోండి” అన్నారు. యుద్ధానికి వెళ్లే ఆ రాజుకు స్వామి తన శంఖచక్రాలు ఇచ్చాడని కథ.

ఆ బొమ్మలో స్వామి మరింత ఒంటరిగా, మరింత మనిషిలా కనిపిస్తాడు. పొరపాటు కప్పిపుచ్చుకోవడం అంటారా? అనవచ్చు. నేనూ చాలా రోజులు అలాగే అనుమానించాను. వదిలేయడం, కాదనుకోవడం అంటూ నేను అల్లుతున్న ఈ సిద్ధాంతమంతా విరిగిన చక్రానికి వేసిన పట్టీ కావచ్చు. పెళ్లివారు మాత్రం ఏ అనుమానమూ లేకుండా వెనక్కి ఇచ్చేశారు. శంఖచక్రాలు లేని స్వామిని పెళ్లింట పెట్టుకుంటామా అన్నారు. వాళ్ల తప్పు లేదు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది.

ఆమె మాట

ఈ వ్యాసం చిత్తుప్రతిని నిన్న వాళ్లింటికి తీసుకెళ్లి చదివి వినిపించాను. ఆచారిగారు కళ్లు మూసుకుని విన్నారు, మేనల్లుడి మాట దగ్గర తల ఊపారు. ఆయన భార్య గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విని, “బాగుంది గానీ అన్నా, ఓపిక మాటే వద్దంటావేం?” అన్నారు. లోపలికి వెళ్లి ఒక అట్ట ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. దళసరిగా, తాడు కట్టి ఉంది. ఆయన చెక్కిన బొమ్మలన్నీ ఒకచోట పోసినా దాని బరువు తూగవేమో.

ఎర్రచందనం బిల్లులు. కళాకారుల గుర్తింపు కార్డు నకళ్లు. మూడేళ్ల కిందట ఒక ప్రదర్శనకు ఇచ్చిన పన్నెండు బొమ్మలకు ఇంకా రాని డబ్బు తాలూకు అర్జీలు. కార్డు మీద చిత్తూరు జిల్లా అని ఉంది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కదా, చిరునామా సరిపోలేదని అర్జీ రెండుసార్లు తిరిగి వచ్చింది. ఒక్కో కాగితం మీద మూలన ఆమె పెన్సిల్‌తో తేదీ వేసుకున్నారు, వెళ్లిన ప్రతిసారీ. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర ఆపేశాను.

“ఇది ఆయన వల్ల కాదు. రెండోసారికే కేకలేసి వచ్చేశాడు” అన్నారామె, ఫైలుకు మళ్లీ తాడు కడుతూ. “రేపు సోమవారం. పొద్దున్నే వెళితే సంతకం పెట్టే ఆయన దొరుకుతాడట. నువ్వు కూడా వస్తావా అన్నా, ఇంగ్లీషులో ఏదో రాయమంటున్నారు.”

ఎనిమిదిన్నరకు వాళ్లింటి దగ్గర ఉంటానని చెప్పి వచ్చాను.